ఎలుక పోతే చాపకు మైల

నేర్పూరి వారింట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అన్నారు. పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి, సాయంత్రం వాకిట్లో కూర్చుని ఒకసారి, రోజుకు రెండు పూటలా అనుకునేవాళ్ళు. వినీ వినీ పెరట్లో గేదె కూడా తల ఊపడం నేర్చుకుంది.

వాళ్ళ తెలివికి రెండు మచ్చుతునకలు చెబుతాను. మూడోది అడక్కండి, నవ్వలేక కడుపునొప్పి వస్తుంది. ఒకసారి ఇంటిల్లిపాదీ తిరనాళ్ళకు బయల్దేరుతుంటే పక్కింటావిడ చూసి, తాళంచెవి జాగ్రత్త, దారిలో పారేసుకునేరు అంది. ఇంటిని మించిన జాగ్రత్త చోటు ఎక్కడుంటుంది? అంతే, తాళంచెవిని ఇంట్లో గూట్లో పెట్టి, బయట తాళం నొక్కేసి వెళ్ళారు. తిరిగొచ్చాక పైకప్పు పెంకులు తీసి లోపలికి దిగారు. దిగి చూస్తే తాళంచెవి గూట్లోనే ఉంది. చూశారా, పోలేదు అని వారం రోజులు ఊరంతా చెప్పుకున్నారు. ఇంకోసారి ఆ ఇంటి కోడలు రాఘవమ్మను వాళ్ళత్తగారు పాల మీద ఓ కన్నేసి ఉంచమని చెప్పి బావికి వెళ్ళింది. కోడలు ఒకటి కాదు, రెండు కళ్ళూ వేసింది. పాలు కాగాయి, పొంగాయి, గిన్నె మాడింది, పొయ్యి ఆరింది. అత్తగారొచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంటే, రెప్ప కూడా వాల్చలేదు అత్తయ్యా, మొదట్నించీ ఏం జరిగిందో అడుగు, అంతా చెబుతాను అంది.

ఆ అత్తగారు ఇప్పుడు లేరు. కనక ఇప్పుడు ఇంట్లో కేకలేసే వాళ్ళు కూడా లేరు. ఇంటికి పెద్ద చలమయ్య. రాఘవమ్మ ఆయన భార్య. బసవయ్య వాళ్ళకు బాబాయి, భార్య పోయాక వీళ్ళ దగ్గరే ఉంటున్నాడు. నాలుగోవాడు చలమయ్య తమ్ముడు గవర్రాజు. నలుగురూ కలిసి తుంగచాపలు నేసేవాళ్ళు. నిజం చెప్పుకోవాలి కదా, చాప నేయడంలో మాత్రం ఆ చుట్టుపక్కల వాళ్ళను మించినవాళ్ళు లేరు. చేతులకు వచ్చిన తెలివి తలదాకా ఎక్కలేదు, అంతే.

గవర్రాజుకు ముప్ఫై రెండేళ్ళు వచ్చాయి. మనిషి నిదానస్తుడు, పనిమంతుడు, చూడ్డానికి బాగుంటాడు. అయినా పెళ్ళి కాలేదు. సంబంధం చూడ్డానికి ఎవరొచ్చినా ఈ ఇంటి గడపలో కాలు పెట్టి, రాఘవమ్మతో రెండు మాటలు మాట్లాడి, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అలాంటి సమయంలో గవర్రాజు పక్క ఊరు కూచివారిపాలెంలో పిల్లల బడికి చాపలు వేయడానికి వెళ్ళాడు. అక్కడ ప్రసూన అనే అమ్మాయి చిన్నపిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పుతోంది. చాపలు పరిచి చూసుకో నాయనా, సరిగ్గా ఉన్నాయో లేదో అని బడి ఆయమ్మ అంది. గవర్రాజు చాప మీద కూర్చుని చూశాడు, సరిగ్గా ఉంది. లెమ్మని ఎవరూ అనలేదు కాబట్టి లేవలేదు. పాఠం అయ్యేదాకా పిల్లల మధ్య కూర్చుని తనూ వల్లించాడు.

ప్రసూనకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రెండు మూడుసార్లు చాపలు బాగుచేసే వంకతో పిలిపించింది. ఏదడిగితే దానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పే మనిషి ఆమెకు అంతకుముందు తగల్లేదు. నా చీర బాగుందా అంటే, బాగుంది, కానీ వెనక చిరిగింది అన్నాడు. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి, చేసుకుంటే ఆ చాపలాయన్నే చేసుకుంటానని తెగేసి చెప్పింది.

తండ్రి లేని ఆ పిల్లను పెంచింది పెదనాన్న, దొండపాటి వీరభద్రయ్య. బెల్లం వర్తకుడు. మనిషి ఎంత లావంటే, ఆటోలో ఆయనెక్కితే రెండోవాళ్ళు ఇంకో ఆటో చూసుకోవాలి. నేర్పూరి వారి సంగతి ఆయనకూ తెలుసు. శుక్రవారం పొద్దున వచ్చి ఇల్లు చూస్తాను, మర్యాద తెలిసిన మనుషులనిపిస్తే అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకుంటాను, లేదంటే ఈ సంబంధం మాట మళ్ళీ ఎత్తొద్దు అన్నాడు. ఆ కబురు విన్న దగ్గర్నించీ గవర్రాజుకు అన్నం సయించలేదు. ఇది తప్పిపోతే ఇక ఈ గడప ఎక్కే సంబంధం లేదని ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ మాటకొస్తే గవర్రాజుకు కూడా తెలుసు. అన్నిటికన్నా, అతనికి ప్రసూన మీద ప్రాణం.

పెదనాన్న ఇంగ్లీషులో ఏమైనా అడుగుతాడేమోనని ప్రసూనే బుధవారం నాడు అతనికి ఒక నోటుపుస్తకం ఇచ్చింది. మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో అయిదు మాటలు. క్యాట్ అంటే పిల్లి. ర్యాట్ అంటే ఎలుక. మ్యాట్ అంటే చాప. ఫ్యాట్ అంటే లావు. స్యాట్ అంటే కూర్చున్నాడు. అన్నిటికీ చివర ఏ, టీ అనే రెండక్షరాలే ఉన్నాయి చూడండి, ఇవన్నీ ఒకే కుటుంబం మాటలు, ఒకటి గుర్తుపెట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి అని చెప్పింది. పిల్లలకు చెప్పినట్టే చెప్పింది పాపం. ఎవరితో చెబుతోందో ఒక్క క్షణం మరిచిపోయింది.

గవర్రాజు ఇంటికొచ్చి ఆ మాటలు పొల్లు పోకుండా అప్పజెప్పాడు. చలమయ్య పుస్తకాన్ని తిరగేసి, బోర్లేసి, దూరంగా పెట్టి చూశాడు. ఏ అనేది నిచ్చెనలా ఉంది, టీ అనేది పందిరి గుంజ మీద దూలం పెట్టినట్టుంది. అయిదుగురికీ అవే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు ఇంటిపేరు చివర పెట్టుకుంటారని ఆయన ఎప్పుడో పంచాయతీ ఆఫీసులో విన్నాడు. ఇంకేముంది, అంతా విడిపోయింది. నిచ్చెన, గుంజ, ఈ రెండూ కలిస్తే ఇంటిపేరు. ఒకే కుటుంబం, ఒకే ఇంటిపేరు అంటే పిల్లీ ఎలుకా చాపా లావూ కూర్చున్నవాడూ అందరూ దాయాదులు.

మన చాప కూడా అంత పెద్ద కుటుంబంలోదా అని బసవయ్య పొంగిపోయాడు. రాఘవమ్మకు మాత్రం వేరే బెంగ పట్టుకుంది. ఒకరిని తలుచుకుంటే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారట కదా, మరి వండొద్దా అంది. నిజమే. అంతే, శేరు బియ్యం ఎక్కువేసి అయిదు విస్తళ్ళు పరిచింది. గవర్రాజును గుమ్మంలో నిలబెట్టి ఒకటి గుర్తుచేసుకోమన్నారు. అతను మధ్యాహ్నమంతా క్యాట్, క్యాట్ అంటూ నిలబడ్డాడు. ఎండు చేపల కూర వాసనకు నిజంగానే గోడ మీది నుంచి ఒక పిల్లి దిగివచ్చింది. ఇక వాళ్ళ నమ్మకాన్ని బ్రహ్మదేవుడు కూడా కదిలించలేడు.

మిగతావాళ్ళ కోసం చూశారు. ఎలుక అప్పటికే ఇంట్లో ఉంది, చాపల అంచులు కొరుకుతోందని రాఘవమ్మే దాన్ని బోనులో పట్టింది. చలమయ్య నొచ్చుకున్నాడు. పెళ్ళి జరగబోయే ఇంట్లో అన్నదమ్ములు ఇలా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉంటే ఏం బాగుంటుంది? పిల్లీ ఎలుకా పోట్లాట అంటే ఇన్నాళ్ళూ ఏమిటో అనుకున్నాం, ఇది దాయాదుల పోరు, పొలం గట్టు తగాదా అయ్యుంటుంది అన్నాడు. కలపాలి. ఒకే కంచంలో తింటే పాత పగలు పోతాయని పెద్దలు చెప్పారు కదా. కంచంలో పెరుగన్నం పెట్టి, ఆ పక్క పిల్లినీ ఈ పక్క ఎలుకనూ కూర్చోబెట్టి, మనం చూస్తుంటే సిగ్గుపడతారని పైన గంప బోర్లించారు.

లోపల కాసేపు గొడవగా ఉంది. మనసులో ఉన్నదంతా కక్కేసుకుంటున్నారు, మంచిదే అన్నాడు బసవయ్య. తర్వాత చప్పుడు లేదు. గంప తీస్తే పిల్లి ఒక్కటే ఉంది, మూతి నాకుకుంటోంది. పెరుగన్నం ముట్టలేదు.

“ఇద్దరూ ఒకటైపోయారు” అంది రాఘవమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు చలమయ్యకు కంచం పక్కన తోక కనిపించింది. ఇంకేముంది, ఇల్లంతా గొల్లుమంది. ఎలుక చచ్చిందని కాదు ఆ ఏడుపు. దాయాది పోతే కుటుంబం మొత్తానికి మైల పడుతుంది. పదిరోజులు శుభకార్యం పనికిరాదు. శుక్రవారానికి మధ్య ఒక్క రోజే ఉంది.

బసవయ్య అందరికీ ధైర్యం చెప్పాడు. మైల మనకు కాదు కదా, వాళ్ళకే కదా, వాళ్ళను ముట్టుకోకుండా కార్యం నడిపించుకుందాం అన్నాడు. తెలివంటే అదీ. అంతే, ఇంట్లో ఉన్న నలభై చాపలూ, తాంబూలాల కోసం రాఘవమ్మ నెలరోజులు కూర్చుని నేసిన ఎర్రంచు చాపతో సహా, పెరట్లో గేదె పక్కన పడేశారు. కూర్చున్నవాడు కూడా ఆ కుటుంబమే కాబట్టి ఎవరు కూర్చుంటే వాళ్ళకు మైల అంటుకుంటుంది. కనక బుధవారం సాయంత్రం నుంచి నలుగురూ నిలబడే ఉన్నారు. నిలబడే తిన్నారు, గోడకు ఆనుకుని నిలబడే కునుకు తీశారు.

గురువారం పొద్దున బసవయ్య ఊరుకోలేకపోయాడు. ఇంత పెద్ద కుటుంబానికి అయిదుగురే ఉంటారా, చావు కబురు అందనివాళ్ళు ఇంకా ఎందరున్నారో అని పుస్తకం పట్టుకుని బయల్దేరాడు. నిచ్చెన, పక్కన గుంజ, ఈ రెండూ కలిసి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి, మీ వాడు పోయాడండీ అని చెప్పుకుంటూ తిరిగాడు. గోడలకు చెప్పాడు, ఒక ట్రాక్టరుకు చెప్పాడు. చివరికి కిరాణా కొట్టు ముందు నీళ్ళ డబ్బా దగ్గర నిలబడిపోయాడు. డబ్బా మీద వాటర్ అని ఇంగ్లీషులో ఉంది. మధ్యలో నిచ్చెన, దాని పక్కనే గుంజ. ఇదేమిటని కొట్టువాణ్ణి అడిగితే నీళ్ళు అన్నాడు.  బసవయ్య పరుగున ఇంటికొచ్చి, నీళ్ళకు కూడా మైలే అని చెప్పాడు.

బావిలో నీళ్ళు, బిందెలో నీళ్ళు, అన్నీ దాయాదులే. ఇక తాగడం లేదు, కడగడం లేదు. మైల పోవాలంటే తలారా స్నానం చేయాలి, స్నానానికి నీళ్ళు కావాలి, ఆ నీళ్ళకే మైల. చలమయ్య నిలబడే ఆలోచించాడు. పొద్దు వాలేవేళకు ఉపాయం తట్టింది. వచ్చేవాళ్ళ కోసం రాఘవమ్మ రెండు కుండల పెరుగు తోడుపెట్టింది. నీళ్ళు చుక్క పోయకుండా చిలికితే మజ్జిగ అవుతుంది కదా. అవసరం పడితే దానితోనే శుద్ధి.

గవర్రాజుకు లోపలెక్కడో ఇది తిన్నగా లేదేమో అనిపించింది. కానీ ముగ్గురు తెలివైనవాళ్ళు ఒక్క మాట మీద ఉన్నప్పుడు తనొక్కడు ఏం చెప్పగలడు?

శుక్రవారం వచ్చింది. వైశాఖమాసపు ఎండ. వీరభద్రయ్య ఒక ఆటోలో, ప్రసూన వెనక ఇంకో ఆటోలో వచ్చారు. నువ్వే వచ్చి నీ కళ్ళతో చూసుకో, రేపు నన్ననకు అని పెదనాన్నే ఆమెను తీసుకొచ్చాడు. నేర్పూరి వాళ్ళు నలుగురూ వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఆహ్వానించారు. ఆయన మెట్లెక్కి, చెమట తుడుచుకుని, చుట్టూ చూశాడు. చాపల వాళ్ళ ఇంట్లో చాప లేదు. కుర్చీలన్నీ కాళ్ళు పైకి పెట్టి బోర్లించి ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. వాళ్ళూ కూర్చోలేదు. పావుగంట అందరూ నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన గొంతు తడారిపోయి కాసిని మంచినీళ్ళు ఇప్పించమన్నాడు. రాఘవమ్మ ఎంతో వినయంగా, ఈ పదిరోజులూ నీళ్ళు ముట్టుకోకూడదండీ అంది.

ఇంట్లో ఏదైనా అశుభం జరిగిందా అని ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

“మాకేం లేదండీ” అన్నాడు చలమయ్య. “పిల్లి వాళ్ళింట్లో జరిగింది. వాళ్ళ తమ్ముడు ఎలుక పోయాడు.”

ప్రసూనకు అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరభద్రయ్యకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే పోయింది, కాళ్ళు లాగేస్తున్నాయి. ఆయన ఒక నిట్టూర్పు విడిచి వాకిట్లో అరుగు మీద కూలబడ్డాడు.

ఇంకేముంది. అసలే మనిషి లావు, పైగా కూర్చున్నాడు. చుట్టరికం రెండు వైపుల నుంచీ కలిసింది. ఎలుకకు ఇంత దగ్గరి దాయాది మైల తీర్చుకోకుండా తాంబూలం పట్టుకుంటే ఇంకేమైనా ఉందా? ఆలస్యం కూడదని చలమయ్య సైగ చేశాడు. బసవయ్య ఒక కుండ, రాఘవమ్మ ఒక కుండ ఎత్తుకొచ్చారు. ఇటువంటి సమయంలో ధైర్యంగా ఉండాలి అని చెబుతూనే రెండు కుండల చిక్కటి మజ్జిగా ఆయన నెత్తిన పోసేశారు. వెన్న ముద్ద ఒకటి వచ్చి మీసం మీద ఆగింది.

వీరభద్రయ్య అరవలేదు, తిట్టలేదు. మెల్లగా లేచాడు. మజ్జిగ కారుతున్న చేత్తో ప్రసూన చెయ్యి పట్టుకున్నాడు. పద తల్లీ, గొడ్డును కూడా ఈ కొంపకు ఇవ్వను అని మెట్టు దిగాడు. నాకైతే ఆయన మీద కోపం రాదు. ఎవరైనా అంతే అంటారు.

గవర్రాజు ఒక్కసారిగా వెళ్ళి మెట్ల కింద ఆయనకు ఎదురు నిలబడ్డాడు. ముప్ఫై రెండేళ్ళలో పెద్దవాళ్ళకు అడ్డం వెళ్ళడం అదే మొదటిసారి. కళ్ళ నిండా నీళ్ళు.

“అయ్యా, తప్పు వీళ్ళది కాదు, నాది. పుస్తకం నేను తెచ్చాను. ఒకటి గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయన్నారు టీచరుగారు. నేను రాత్రీ పగలూ ఆవిడనొక్కదాన్నే గుర్తుపెట్టుకున్నానండీ. ఇంకేమీ రాలేదు.”

 ప్రసూన అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఎటు పోయిందో, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెదనాన్నా, తెలివైనవాళ్ళు నాతో చాలా మాటలు చెప్పారు, ఇలాంటిది ఒక్కటీ చెప్పలేదు, ఈయనకు అబద్ధం ఆడటం రాదు, నాకది చాలు అంది. వీరభద్రయ్య కాసేపు గవర్రాజును చూశాడు. మీసం మీది వెన్న నాలుక్కి తగిలింది, కమ్మగా ఉంది. ఆ ఎండలో ఒళ్ళు చల్లబడింది కూడా. నీ కర్మ తల్లీ అని మళ్ళీ మెట్టెక్కాడు.

కానీ చలమయ్య తాంబూలం పళ్ళెం తేనంటాడు. మజ్జిగతో ఈయన మైల పోయింది సరే, మిగతా కుటుంబం మాటేమిటి, చాపలు లేకుండా తాంబూలాలెలా అంటాడు. పిల్లలకు పాఠం చెప్పే మనిషికి ఇదో లెక్కా? ప్రసూన పుస్తకం తెమ్మంది. ర్యాట్ అన్న మాటలో చివరి టీ కొట్టేసి ఎన్ అనే అక్షరం రాసింది. ఇప్పుడిది ర్యాన్, ర్యాన్ అంటే పరుగెత్తింది, మీ ఎలుక చావలేదు బావగారూ, ఇంటిపేరు మార్చుకుని వేరే కుటుంబంలోకి పారిపోయింది అని చెప్పింది. ఇంటిపేరు మారితే కుటుంబం మారుతుందా అని చలమయ్య గుచ్చి గుచ్చి అడిగాడు. మారుతుంది, పెళ్ళయితే ఆడపిల్లకు మారదూ, అదీ అంతే అంది. మరి తోక ఎవరిదని రాఘవమ్మ అడిగింది కానీ, కంగారులో వదిలేసి ఉంటుందని బసవయ్య సర్దిచెప్పాడు. మైల వీడింది. ఎర్రంచు చాప వచ్చింది. మూడో రోజున నేర్పూరి వాళ్ళు హమ్మయ్య అంటూ కూర్చున్నారు.

తాంబూలం అందుకుంటూ వీరభద్రయ్య నలుగురూ అనే మాటే అన్నాడు, ఇవాళ్టి నుంచి మనమంతా ఒకే కుటుంబం అని. చలమయ్య చటుక్కున పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు. ఒకే కుటుంబమైతే పిల్లనెలా ఇస్తారు, పిల్లా పిల్లాడూ అన్నాచెల్లెళ్ళవుతారు కదా అన్నాడు. ప్రసూన మళ్ళీ కల్పించుకుని, ఇవాళ ఇంకా కాలేదు, మేం దొండపాటి వాళ్ళం, మీరు నేర్పూరి వాళ్ళు, నాకు మారేది తాళి కట్టాకే అంది. అలాగైతే సరే అని పళ్ళెం ముందుకు జరిపాడు. ఆయన గుణం ఒకటుంది, అర్థమయ్యేలా చెబితే ఎంతమాటైనా ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నది జన్మలో మరిచిపోడు. అదే వచ్చింది చిక్కు.

జ్యేష్ఠమాసంలో కూచివారిపాలెంలో పెళ్ళి జరిగింది. పొద్దుటి ముహూర్తం. గవర్రాజు చేతులు వణకకుండా మూడు ముళ్ళూ వేశాడు. ఎవరినీ మజ్జిగతో తడపలేదు, ఎవరూ ఎక్కడా తప్పిపోలేదు. ఇంత సజావుగా జరిగినందుకు అందరికన్నా వీరభద్రయ్యే ఆశ్చర్యపోయాడు. సంతోషం పట్టలేక బూరెలు పన్నెండు తిన్నాడు. మధ్యాహ్నం పిల్లను దిగబెట్టడానికి వ్యానులో అత్తవారింటికి తీసుకొచ్చి, ముందు సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకులోకి జారాడు.

కొత్త దంపతులు గడప దాటాలంటే పేర్లు చెప్పాలి కదా. రాఘవమ్మ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి, ఇంటిపేర్లతో సహా చెబితేనే వదులుతానంది. ప్రసూన సిగ్గుపడుతూ, నేర్పూరి గవర్రాజుగారి భార్యను, నేర్పూరి ప్రసూనను వచ్చానని చెప్పింది. రాఘవమ్మ చెయ్యి తీసింది. ప్రసూన కుడికాలు లోపల పెట్టి, దీపం వెలిగించడానికి దేవుడి గదిలోకి వెళ్ళింది. వెనకే గవర్రాజు, నేర్పూరి గవర్రాజును, నేర్పూరి ప్రసూనతో వచ్చానన్నాడు.

చలమయ్య ఆ మాట వింటూనే తమ్ముడి రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపేశాడు. బసవయ్యను పక్కకు పిలిచాడు. పిల్ల నేర్పూరి, పిల్లాడు నేర్పూరి. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే కుటుంబం. పూర్వం నుంచీ ఇంత ఘోరం ఈ వంశంలో జరగలేదు. ఒకే ఇంటిపేరు వాళ్ళు ఎక్కడైనా కాపురం చేస్తారా? తాళి పడ్డాక తీయకూడదు, పిల్ల పేరు మారిపోయాక మళ్ళీ మార్చకూడదు. మరేం దారి? ఇద్దరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు చలమయ్యకు ప్రసూన చెప్పిన పాఠమే వెలిగింది. ఇంటిపేరు మారితే కుటుంబం మారుతుంది. పిల్ల ఇటు వచ్చింది కాబట్టి దొండపాటి వారింట్లో ఒక పేరు ఖాళీ అయింది. అంతే, ఆ క్షణమే ఆ గడప బయటే గవర్రాజు దొండపాటి గవర్రాజు అయిపోయాడు.

దొండపాటి వాడికి నేర్పూరి వారింట్లో ఏం పని? గవర్రాజు ఒకసారి గుమ్మంలోకి చూశాడు, ఒకసారి అన్నయ్య మొహంలోకి చూశాడు. ఆవిడ చెప్పిన పాఠమే కదరా అనేసరికి సరేనన్నాడు. టీచరుగారి మాట అతనికి వేదం. పసుపు బట్టలతోనే కళ్ళు తుడుచుకుంటూ వ్యాను దగ్గరకు నడిచాడు. చలమయ్య, బసవయ్య చెరో భుజం పట్టుకున్నారు. నిద్రలో ఉన్న వీరభద్రయ్య చేతిలో గవర్రాజు చెయ్యి పెట్టి అప్పగింతలు పెట్టారు. మా వాడు అల్లారుముద్దుగా పెరిగాడు, వంటపని రాదు, తప్పు చేస్తే కడుపులో పెట్టుకోండి అని చలమయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. వీరభద్రయ్య కళ్ళు తెరవకుండానే అలాగే, అలాగే అన్నాడు. గవర్రాజు ఎక్కాడు. వ్యాను కదిలింది.

ప్రసూన దీపం వెలిగించి, దండం పెట్టుకుని, మంగళసూత్రం కళ్ళకద్దుకుని వాకిట్లోకి వచ్చేసరికి వీధి మలుపులో దుమ్ము లేస్తోంది. వెనక అద్దంలోంచి బాసికం కట్టిన మొహం ఒకటి ఆమె వైపే చూస్తూ దూరమైపోతోంది. 

చలమయ్య ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుని, దగ్గరకొచ్చి, కన్నతండ్రిలా ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

“దిగులు పడకమ్మా. ఆషాఢం ఎంతలో వెళ్ళిపోతుంది? శ్రావణమాసం రాగానే సారె పట్టుకెళ్ళి అబ్బాయిని తీసుకొస్తాం.”